పొగ తాగని పరదేశి

జనగామలో పత్తి మిల్లులో పనికి చేరిన రోజు మేస్త్రి నా జేబులు తడిమాడు. చొక్కా జేబు, ప్యాంటు జేబులు చూశాడు. టిఫిన్ డబ్బా మూత కూడా తీయించాడు.

"బీడీలు లేవు గద? అగ్గిపెట్టె లేదు గద?"

"నేను తాగనన్నా."

"తాగననేటోళ్ళ జేబులల్లనే దొరుకుతయి," అన్నాడు.

ఆయన భయం నాకు ఆ ఎండాకాలంలోనే అర్థమైంది. ఎవరు బీడీ కాల్చి పారేశారో తెలియదు, యార్డులో ఒక పత్తి కుప్ప అంటుకుంది. పత్తి మంట గడ్డివాము మంటలా పైకి లేవదు. లోపల లోపల పాకుతుంది. పైన చూస్తే తెల్లగానే ఉంటుంది, చెయ్యి పెడితే వేడి తగులుతుంది. నీళ్ళు కొట్టి ఆర్పేశామనుకున్న కుప్ప మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ పొగ కక్కింది. మనుషులకెవరికీ ఏమీ కాలేదు. కానీ అప్పటినుంచి నాకొక అలవాటు పట్టుకుంది. దగ్గర్లో ఎవరు అగ్గిపుల్ల గీసినా కూర్చున్నవాణ్ణి లేచి నిలబడతాను. అటూ ఇటూ తిరుగుతాను. పెళ్ళి పందిట్లోనైనా అంతే, బస్టాండులోనైనా అంతే. నా భార్య నవ్వుతుంది. "నీ కాళ్ళల్ల కరెంటు ఉన్నది," అంటుంది.

ఈ కాళ్ళతోనే నేను చైనా వెళ్ళాను.

మా మిల్లుకు అక్కడి నుంచి కొత్త యంత్రాలు వచ్చాయి. బిగించడానికి వచ్చినవాళ్ళ వెంట తిరిగి నేను పని నేర్చుకున్నాను. వెళ్ళేముందు వాళ్ళలో పెద్దాయన నన్నొక మాట అడిగాడు. ఇక్కడి మిల్లులవాళ్ళు ఫోన్ చేసి యంత్రం ఆగిందంటే హిందీలో, తెలుగులో జవాబు చెప్పే మనిషి తమ ఫ్యాక్టరీకి కావాలట. వస్తావా అన్నాడు. మా పాప అప్పటికి ఇంకా పాకుతోంది. నా భార్య మహబూబాబాద్‌లో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసే పనిలో ఉంది. నేను నసుగుతుంటే తనే తేల్చేసింది. "పో. రెండేండ్లే గద. పిల్లను నేను చూసుకుంట."

తూర్పు చైనాలో అదొక మధ్యరకం ఊరు. చేరిన మొదటి రోజే క్యాంటీన్లో తప్పటడుగు వేశాను. మా సెక్షన్ పెద్ద భోజనానికి కూర్చుంటూ సిగరెట్ పాకెట్ తీసి, బల్ల చుట్టూ ఒక్కొక్కరి ముందుకూ ఒక్కో సిగరెట్ విసిరాడు. నా అన్నం గిన్నె పక్కన కూడా ఒకటి వచ్చి పడింది. నేను లేచి నిలబడి దాన్ని అరచేత్తో వెనక్కి నెట్టేశాను. వద్దంటే వద్దనే కదా అనుకున్నాను. బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. ఆయన ముఖం చిన్నబోయింది.

ఆఫీసులో ఇంగ్లీషు వచ్చిన ఒకావిడ ఉండేది. నన్ను పక్కకు పిలిచింది. "ఇచ్చినప్పుడు తీసుకో. వెలిగించాలని ఎవరూ అడగరు. గిన్నె పక్కన పెట్టుకో, చాలు. కొత్తవాణ్ణి పలకరించడం అది," అని చెప్పింది. నాకు మన పెళ్ళిళ్ళలో చేతికిచ్చే ఆకువక్క గుర్తొచ్చింది. నమలకపోయినా ఎవరూ ఏమీ అనరు. తీసుకోకుండా లేచిపోతే మాత్రం అంటారు. మర్నాడు ఆయన విసిరిన సిగరెట్‌ను రెండు చేతులా అందుకున్నాను. ఆయన తలాడించి నవ్వాడు. సాయంత్రం దాన్ని గేటు దగ్గరి వాచ్‌మన్‌కు ఇచ్చేశాను.

ఆ క్యాంటీన్ గోడమీద సిగరెట్ బొమ్మ, దానిమీద ఎర్రగీత ఉన్న బోర్డు ఉండేది. సరిగ్గా దాని కింద బల్లమీద బూడిద గిన్నె ఉండేది. పెద్ద నగరాల్లో ఇలా కుదరదని, అక్కడ లోపల ఎవరూ తాగరని అనేవాళ్ళు. మా ఊళ్ళో మాత్రం బోర్డు దారి బోర్డుదే, గిన్నె దారి గిన్నెదే. కానీ యంత్రాలను పత్తి వేసి నడిపి చూసే షెడ్డు దగ్గరికి రాగానే అదే మనుషులు లైటర్లు తీసి గుమ్మం దగ్గరి డబ్బాలో వేసి లోపలికి వచ్చేవాళ్ళు. ఒక్కరూ మరిచిపోయేవారు కాదు. ఆ దేశంలో నా కాళ్ళు కుదురుగా నిలిచిన చోటు ఆ షెడ్డొక్కటే.

నాకిచ్చిన గది పాత బిల్డింగులో పై అంతస్తులో ఉండేది. లిఫ్టు లేదు. ఎదురు వాటాలో ఒక తాత, కొడుకు, కోడలు ఉండేవారు. తాత మున్సిపాలిటీలో నీళ్ళ పైపుల పని చేసి రిటైరైన మనిషి. కొడుకు లారీ తోలుతూ వారాల తరబడి ఊళ్ళమీదే ఉండేవాడు. తాత చేతిలో సిగరెట్ ఆరగా నేను చూడలేదు. ఇంట్లో, మెట్లమీద, కింద చెత్తబుట్ట దగ్గర, ఎప్పుడూ ఒకటి వెలుగుతూనే ఉండేది.

మా కింది అంతస్తులో ఒక తెల్లతను ఉండేవాడు. స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాడు. మెట్ల గోడమీద చైనా భాషలోనే కాగితాలు అతికించాడు, ఇక్కడ పొగ తాగడం చట్టవిరుద్ధం అని. ఎవరూ చదవలేదు. ఒకరోజు మెట్లమీద తాతకు అడ్డం నిలబడి గట్టిగా అరిచాడు. ఫోన్ ఆయన ముఖానికి దగ్గరగా పెట్టి వీడియో తీశాడు. అందరి తలుపులూ తెరుచుకున్నాయి. తాత తల దించుకుని పక్కనుంచి దిగి వెళ్ళాడు. మర్నాటినుంచి పొట్టి ముక్కాలిపీట ఒకటి తెచ్చుకుని, సరిగ్గా ఆ టీచరు గుమ్మానికి ఎదురుగా మెట్లమీద కూర్చుని తాగడం మొదలుపెట్టాడు.

టీచరు నా దగ్గరికి వచ్చాడు. "నీకూ పొగ పడదు కదా, చూస్తూనే ఉన్నాను. బిల్డింగు కమిటీ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం."

"నువ్వు చెప్పేది నిజమే. కానీ నేను రాను," అన్నాను.

"ఎందుకు? భయమా?"

భయమో కాదో నాకే తెలియలేదు. నేను వాళ్ళ ఊళ్ళో వాళ్ళ తిండి తింటూ బతకడానికి వచ్చినవాణ్ణి. తాతను నలుగురిలో నిలబెట్టి వీడియో తీసినప్పుడు ఆ ముఖం చూశాను. అలాంటి ముఖం మా నాయినదైతే నేను చూస్తూ ఊరుకుంటానా అనిపించింది. అలాగని ఊపిరాడకపోతే నోరు మూసుకోవడమే మర్యాదా అంటే అదీ మింగుడు పడలేదు. ఆ వారమంతా గదిలో కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

ఇంతలో ఎదురింటి కోడలు నన్ను మెట్ల దగ్గర ఆపింది. ఆమె కడుపుతో ఉంది, నెలలు నిండడానికి ఇంకా కొంచెం సమయం ఉంది. చేతిలో కూరగాయల సంచి ఉంది. తన ఫోన్లో వాళ్ళ భాషలో ఏదో చెప్పి, ఇంగ్లీషులోకి మారిన ఆ మాటలు నాకు చూపించింది.

"మా మామకు ఇంట్లో సిగరెట్ తాగొద్దని మీరు చెప్పండి. మీరు బయటి దేశంవారు. మీమీద కోపం వచ్చినా అది గుమ్మం బయటే పోతుంది. నేను చెబితే ఆ కోపం ఇంట్లోనే ఉంటుంది."

ఆ అక్షరాలు చూస్తూ నిలబడిపోయాను. ఇక్కడివాళ్ళ పద్ధతిని గౌరవించాలని నన్ను నేను సముదాయించుకుంటూ వస్తున్నాను. ఈ అమ్మాయిదీ ఈ ఊరే కదా. ఈమెకు కావలసింది ఇక్కడి పద్ధతి కాదని ఎలా అనగలను?

నా భార్యకు వీడియో కాల్ చేసి అంతా చెప్పాను. తను పాపకు అన్నం తినిపిస్తూ వింది.

"తాగొద్దని నువ్వు చెప్పకు. చెప్తె ఆ టీచరుకూ నీకూ తేడా ఏమున్నది?"

"మరి ఆ పిల్ల అడిగింది గద?"

"నీ కాళ్ళు ఎట్లాగూ ఒకతాన నిలువయి. తిరిగేటప్పుడు ఆయనను గూడ ఎంటబెట్టుకొని పోరాదు."

మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి ఎదురింటి తలుపు కొట్టాను. వచ్చిన నాలుగు ముక్కలతో, "తాతా, నాకు మీ భాష రావట్లేదు. కిందికి వచ్చి కొంచెం నేర్పుతారా?" అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. సిగరెట్ పాకెట్ జేబులో వేసుకుని, కోటు తొడుక్కుని వచ్చాడు.

అలా మొదలైంది. రోజూ పొద్దున డ్యూటీకి ముందొకసారి, సాయంత్రమొకసారి. కింద సైకిళ్ళు పెట్టే చోటు దాటితే చిన్న ఖాళీ స్థలం ఉండేది. ఆడవాళ్ళు స్పీకరులో పాటలు పెట్టుకుని వరుసలు కట్టి డాన్సు చేసేవాళ్ళు. తాత ఒక్కో వస్తువునూ చూపించి పేరు చెప్పేవాడు. నేను తప్పు పలికితే మోకాలు కొట్టుకుని నవ్వేవాడు. తలుపు దాటగానే నాకొక సిగరెట్ ఇచ్చేవాడు. నేను తీసుకుని చెవి మీద పెట్టుకునేవాణ్ణి. ఆయన తనది వెలిగించగానే నా కాళ్ళు లేచేవి. ఆయన నడిచేవాడు కాదు, నేను ఆగేవాణ్ణి కాదు. ఆయన చుట్టూ తిరుగుతూనే మాటలు నేర్చుకున్నాను.

చలి ముదిరింది. చెవులు మొద్దుబారేవి. గొంతు మంటగా ఉండేది. చొక్కాలు ఎంత ఉతికినా పొగ వాసనే. ఒక్కోరోజు, ఈ ముసలాయన పొగ నేనెందుకు పీల్చాలి, నాకు మాత్రం ఇంటి దగ్గర పసిపిల్ల లేదా అని విసుగు పుట్టేది. తాత పాపం నన్ను నిజంగా శిష్యుడనుకుంటున్నాడు, నేను మోసం చేస్తున్నానా అని ఇంకో రోజు అనిపించేది. అయినా డ్యూటీ దిగగానే వెళ్ళి ఆ తలుపే కొట్టేవాణ్ణి. కోడలు ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. అప్పుడప్పుడు నా తలుపు గొళ్ళానికి కమలాపండ్ల సంచి వేలాడుతుండేది. టీచరు చలికాలం మధ్యలోనే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. మెట్లమీద ఎదురైతే నావైపు చూడలేదు.

పిల్లాడు పుట్టాడు. నెల నిండాక హోటల్లో విందు చేశారు. నన్నూ పిలిచారు. కొత్త కోటు వేసుకున్న తాత బల్ల బల్లకూ తిరిగి మగవాళ్ళందరికీ సిగరెట్ ఇచ్చి తన చేత్తోనే వెలిగించాడు. నా దగ్గరికి వచ్చేసరికి పాకెట్ మూసి జేబులో పెట్టేశాడు. నేను రెండు చేతులూ చాచి ఉన్నాను. ఆ చేతుల్లో టీ గ్లాసు పెట్టాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళతో ఆయన అన్న మాటలు అప్పటికి నాకు అర్థమయ్యేవి.

"ఇతను తాగడు. చలికాలమంతా నా పక్కన నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో నాకు తెలియదనుకుంటున్నాడు."

అందరూ పగలబడి నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. తాత నా భుజం మీద తట్టి, అక్కడే, ఆ హాల్లోనే, తన సిగరెట్ వెలిగించుకున్నాడు. కోడలు పిల్లాణ్ణి దుప్పటిలో చుట్టుకుని పక్క గదిలోకి వెళ్ళింది. వెళుతూ నావైపు చూసి చిన్నగా నవ్వింది. సంతోషించాలో నిరాశపడాలో తేలక, టీ గ్లాసు పట్టుకుని విందు అయ్యేదాకా వరండాలో తిరిగాను.

ఒప్పందం ముగిసి ఇంటికి వచ్చాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు మిల్లుల్లో యంత్రాలు ఆగితే వెళ్ళి చూసే పని దొరికింది. రోజూ బస్సులే. కాపురం మహబూబాబాద్‌లో పెట్టాం. పాప నన్ను గుర్తుపట్టి దగ్గరికి రావడానికి చాలా రోజులు పట్టింది. దానికి కొంచెం దుమ్ము తగిలినా, చలి తగిలినా ఊపిరిలో పిల్లికూతలు వచ్చేవి. దవాఖానకు తీసుకెళితే ముక్కుకు మాస్కు పెట్టి మందు పట్టేవాళ్ళు.

నేను చైనాలో ఉండగానే మా అత్త చనిపోయింది. మామ భూపాలపల్లిలో బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చాడు. ముందు గదిలో మంచం వేసుకున్నాడు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కథలు చెప్పేవాడు. కథ మధ్యలో బీడీ ముట్టించేవాడు.

"నువ్వే చెప్పు మా బాపుకు. నేను చెప్తె మనసుల పెట్టుకుంటడు. అమ్మ పోయినంక ఒక్కమాటకే కండ్లల్ల నీళ్ళు తీస్తుండు," అంది నా భార్య, వంటింట్లో, గొంతు తగ్గించి.

నాకు తెలిసిన ఉపాయం ఒకటే. "మామా, అట్ల బజారు దాక పోయొద్దాం పా," అనేవాణ్ణి, ఆయన చెయ్యి బీడీ కట్ట మీదికి పోగానే. కొన్నాళ్ళు వచ్చాడు. ఒకరోజు గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"ఏందిర అల్లుడా, బీడీ తీస్తె సాలు, నన్ను కుక్కను తిప్పినట్టు తిప్పుతున్నవ్? నాకు తెల్వదనుకున్నవా?"

మర్నాడు నేను జనగామలో పనిలో ఉండగా ఆయన సంచి సర్దుకుని భూపాలపల్లి బస్సెక్కాడు. నా భార్య ఫోన్లో ఏడ్చింది. నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

వారం తిరగకముందే అటువైపు పని పడింది. పని ముగించి మామను వెతుక్కుంటూ వెళ్ళాను. పాత దోస్తు ఇంటి వెనక ఒక గది కిరాయికి తీసుకున్నాడు. వాకిట్లో మంచం మీద బీడీ తాగుతూ ఉన్నాడు. నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చాడు. నేను కూర్చోలేకపోయాను.

"కూసో. ఎందుకట్ల తిరుగుతవ్?"

"అలవాటైంది మామా."

చేతిలోని బీడీని నావైపు చూపించాడు. "బాయిలకు దిగినన్ని ఏండ్లు లోపలికి అగ్గిపెట్టె తీసుకపోలె. దిగేటప్పుడు తనిఖీ చేసేటోళ్ళు. డ్యూటీ అయ్యేదాక నోరు కట్టేసుకునుడే. పైకొచ్చి ఎండల నిలవడి ముట్టిచ్చిన బీడీ ఉన్నది సూడు, ఇయాల గూడ బతికిన్నని గదే చెప్పేది. గిప్పుడు ఇంట్ల గూడ తనిఖీ అంటె నాకెట్లుంటది?"

ఇక చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదు. "మామా, నీ బీడీ మీద నాకు కోపం లేదు. పిల్లకు ఊపిరి ఆడుతలేదు. దవాఖానల మందు పట్టిస్తున్నం. పొగ తగిలితె ఎక్కువైతుందని డాక్టర్ చెప్పిండు."

బీడీ నేలకేసి నలిపేశాడు.

"మందు పట్టిస్తున్నరా? దుమ్ముకు దగ్గుతుందనే చెప్పింది గద నా బిడ్డ."

"నీకు బాధైతదని దాచింది."

"ఆమె దాచింది సరే. నువ్వు? గీ ముచ్చట ఆ రోజే మొకం మీద చెప్పకపోతివి! చైనా పోయొచ్చి నన్ను గూడ చైనోడనుకున్నవా? పరాయోనికి చేసినట్టు నాకు మర్యాద చేస్తున్నవా?"

నేను ఆ మంచం మీద ఆయన పక్కనే కూర్చుండిపోయాను. అక్కడ తాత ముందు మాట మింగడం నాకు సరైన పనే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ ఇల్లు నాది కాదు. ఇది నా ఇల్లు, ఈయన నా పాపకు తాత. ఇద్దరినీ ఒకే కొలతతో కొలిచానని అప్పటికి తట్టింది.

"ఇంటికి పోదాం పా మామా," అన్నాను.

"రాను. బీడీ బంద్ చేస్త అని ఒట్టు పెట్టలేను. తప్పి ముట్టిస్తె పిల్లకు ఏమన్న అయితే నేను బతకలేను. అప్పుడప్పుడు వస్త, పొద్దున వచ్చి సాయంత్రం పోత. గంతే."

ఎంత బతిమాలినా వినలేదు. నన్ను బస్టాండు దాకా తీసుకొచ్చి బస్సెక్కించాడు. సీటు దొరికినా కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడి వచ్చాను.

అన్నట్టే మామ నెలకొకసారి వస్తున్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, బస్టాండులోనే నోరు పుక్కిలించుకుని వస్తాడు. బీడీలు వెంట తెచ్చుకోడు. పాపతో మధ్యాహ్నం దాకా బాగానే ఉంటాడు. తర్వాత చేతులు కుదురుండవు. వేళ్ళు రుద్దుకుంటాడు, చొక్కా జేబు తడుముకుంటాడు, లేచి గదిలో తిరుగుతాడు. పాప ఆయన వెనకాలే తిరుగుతుంది. నేనూ లేస్తాను. "మీ ముగ్గురికి ఈ ఇల్లు సాలది," అంటుంది నా భార్య. నవ్వబోతుంది గాని తండ్రి వైపు చూసి ఊరుకుంటుంది. సాయంత్రం బస్సు కంటే చాలా ముందే ఆయన చెప్పుల్లో కాళ్ళు పెడతాడు. ఇంకొంచెంసేపు ఉండమని పాప లుంగీ పట్టుకుని లాగుతుంది. "ఉండలేను బిడ్డా, మళ్ళొస్త," అని దాని వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించుకుంటాడు.

పోయిన నెల భూపాలపల్లిలో దిగగానే ఫోన్ చేశాడు.

"చేరిన. పిల్ల ఎట్లున్నది?"

"మంచిగున్నది మామా."

"నేను బయలెల్లినంక దగ్గిందా?"

"లేదు. ఒక్కసారి గూడ దగ్గలె."

వెనక బస్సుల హారన్లు, పల్లీలమ్మే మనిషి కేక వినిపించాయి. తర్వాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"సరే, పెట్టేస్తున్న," అన్నాడు.